చెట్టు మంచె కొనేటప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలి

వేట కాలం దగ్గరపడేసరికి, అమెరికాలో కొత్తగా వేట లైసెన్సు తీసుకున్న మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: తక్కువ ధరలో నమ్మదగిన ట్రీస్టాండ్ ఏది? తెల్లతోక జింకలను వేటాడేవారు చెట్టు మానుకు బిగించుకుని, నేలకు పదిహేను ఇరవై అడుగుల ఎత్తున కూర్చునే లోహపు మంచెలే ఈ ట్రీస్టాండ్లు. జింక చూపు ఎక్కువగా నేల మట్టంలోనే తిరుగుతుంది కనుకా, ఎత్తున కూర్చున్న మనిషి వాసన కొంతవరకు దాని ముక్కుకు అందకుండా పైనుంచి సాగిపోతుంది కనుకా ఈ పద్ధతి అక్కడ అంతగా పాతుకుపోయింది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కాబట్టి, ఇక్కడ రాస్తున్నదంతా అమెరికాలో లైసెన్సుతో, అనుమతించిన కాలంలో వేటాడే తెలుగువారిని ఉద్దేశించి మాత్రమేనని ముందే చెప్పుకోవడం మంచిది.

ఆ ప్రశ్నకు నేనిచ్చే సమాధానం చాలామందికి రుచించదు. మంచె ధర చూడకముందే, నేల మీద అడుగు లేచిన క్షణం నుంచి మళ్లీ నేల మీద అడుగు పడేదాకా మన ఒంటిని చెట్టుకు కట్టి ఉంచే సామగ్రికి ఎంత అవుతుందో లెక్క కట్టాలి. అది పోగా మిగిలిన సొమ్ముకు ఏ మంచె వస్తే అదే మన స్తోమతకు తగిన మంచె. ఇలా లెక్క వేస్తే రెండు మంచెలు కొందామనుకున్నవారికి ఒకటే రావచ్చు. రావడమే మేలు కూడా. ఒంటికి తొడుక్కునే రక్షణ పట్టీల అమరిక, అంటే హార్నెస్, లేకుండా ఎక్కే మూడు మంచెల కన్నా, మొదలు నుంచి చివరిదాకా తాడుకు కట్టుకుని ఎక్కే ఒక్క మంచె చవక.

ఇరవై అడుగుల ఎత్తు నేల మీద నిలబడి చూస్తే పెద్దగా అనిపించదు. అక్కడి నుంచి జారిన మనిషి సుమారు 1.1 సెకన్లలో నేలను తాకుతాడు, తాకే వేళకు వేగం గంటకు దాదాపు 39 కిలోమీటర్లు ఉంటుంది. చేయి చాచి కొమ్మ పట్టుకుందామన్న ఆలోచన పూర్తయ్యేలోగానే అంతా అయిపోతుంది. పైగా ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది మంచె మీద కుదురుగా కూర్చున్నప్పుడు కాదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, ముఖ్యంగా నిచ్చెన మెట్టు మీది నుంచి మంచె పలక మీదికి కాలు మార్చేటప్పుడు. తెల్లవారకముందు చీకట్లో, మంచు పట్టిన మెట్ల మీద, మందపాటి బూట్లతో ఆ పని చేస్తామన్నది గుర్తుంచుకుంటే, పైకి చేరాక బెల్టు పెట్టుకుంటే చాలునన్న వాదన ఎంత బలహీనమో అర్థమవుతుంది.

అందుకే నా జాబితాలో మొదటి వస్తువు లైఫ్‌లైన్. ఇది సాధారణంగా ముప్పై అడుగుల పొడవున్న గట్టి తాడు. దీని పై కొసను మంచెకు ఎగువన, కూర్చున్న మనిషి తలకన్నా ఎత్తులో మానుకు చుట్టి బిగిస్తారు. కింది కొసను చెట్టు మొదట్లో కడతారు. ఆ తాడు మీద ప్రూసిక్ ముడి వేసిన చిన్న తాడు ఉచ్చు ఒకటి ఉంటుంది. హార్నెస్ వీపు నుంచి వచ్చే పట్టీని కారబైనర్ అనే లోహపు కొక్కెంతో ఆ ఉచ్చుకు తగిలించి, ఎక్కుతున్నంతసేపూ ఒక చేత్తో ముడిని పైకి జరుపుకుంటూ పోవాలి. ముడిని గుప్పిట పట్టి మెల్లగా నెడితే అది తాడు మీద తేలికగా జరుగుతుంది. అదే ఉచ్చు మీద ఒక్కసారిగా బరువు పడితే చుట్లు తాడును కరచి పట్టుకుని అంగుళం కూడా కదలవు. మొదటిసారి వాడేవారు నేల మీద నిలబడి, మోకాళ్లు వంచి, ఒంటి బరువును దాని మీద వేసి చూడాలి. ఆ పట్టు చేతికి తెలిసిన తరువాత దాన్ని వాడకుండా ఎక్కడానికి ఎవరికీ మనసొప్పదు. ముడి ఎప్పుడూ తల ఎత్తుకు తగ్గకుండా ఉండాలి. అది భుజాల కిందికి దిగిందంటే పడినప్పుడు ఆ మేరకు జారుడు దూరం పెరుగుతుంది, ఒంటికి తగిలే కుదుపూ పెరుగుతుంది.

లైఫ్‌లైన్ ప్రతి మంచెకూ ఒకటి ఉండాలన్నదే ఖర్చు లెక్కలో చాలామంది మరిచిపోయే అంశం. ఒకే తాడును మంచె నుంచి మంచెకు మార్చుకుందామంటే, దాన్ని పైన కట్టడానికి ప్రతిసారీ తాడు రక్షణ లేకుండా ఎక్కవలసి వస్తుంది. ఆ ఎక్కడమే మనం తప్పించుకోవాలనుకున్నది. మొదటిసారి మంచెను, తాడును బిగించడానికి ఎక్కేటప్పుడు లైన్‌మన్ బెల్టు వాడాలి. విద్యుత్ స్తంభాలెక్కేవారు నడుముకు, స్తంభానికి కలిపి చుట్టుకునే పట్టీ లాంటిదే ఇది; రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. చాలా హార్నెస్‌లలో దీని కోసం నడుము పక్కల రెండు ఉచ్చులు కుట్టి ఉంటాయి. కొనే ముందు అవి ఉన్నాయో లేవో చూడాలి.

ఇక హార్నెస్. అమెరికాలో ట్రీస్టాండ్ తయారీదారుల సంఘం ధ్రువీకరణ పొందిన మంచెల పెట్టెలోనే పూర్తి ఒంటి హార్నెస్ ఒకటి వస్తుంది. అది పరీక్షలకు నిలిచినదే, ప్రాణాన్ని కాపాడగలదే. కానీ చాలా వాటిలో పట్టీలు ఒకదానిలో ఒకటి చిక్కుపడి, చీకట్లో ఏది భుజానిదో ఏది తొడదో తెలియని గందరగోళంగా ఉంటుంది. వేసుకోవడం విసుగనిపించే వస్తువును మనిషి మెల్లగా కారులోనే వదిలేయడం మొదలుపెడతాడు. అందువల్ల డబ్బులో కొంత వెసులుబాటు ఉంటే, చొక్కాలా తొడుక్కునే, తొడ పట్టీలకు బకిల్స్ ఉన్న హార్నెస్ మీద పెట్టమంటాను. మంచె మీద మెత్తటి సీటుకు, చేతులానించుకునే కడ్డీకి, పానీయం గ్లాసు పెట్టుకునే రింగుకు పెట్టే అదనపు ఖర్చు కన్నా ఇది వెయ్యి రెట్లు అర్థవంతం. నడుముకు మాత్రమే చుట్టుకునే పాతకాలపు బెల్టును, ఛాతీ చుట్టూ కట్టుకునే పట్టీని ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదు. పడినప్పుడు అవి ఊపిరాడనివ్వవు, లేదా మనిషిని తలకిందులు చేస్తాయి.

హార్నెస్‌కు కుట్టిన చీటీ మీద తయారైన తేదీ ఉంటుంది. సాధారణంగా అయిదేళ్లు దాటిన హార్నెస్‌ను, ఒక్కసారైనా పడుతున్న మనిషిని ఆపిన హార్నెస్‌ను వాడకం నుంచి తీసేయాలి. వీపు పట్టీలో మడతలుగా కుట్టిన భాగం ఒకటి కనిపిస్తుంది. కుదుపు తగిలినప్పుడు ఆ కుట్లు వరుసగా తెగుతూ దెబ్బను తగ్గిస్తాయి. ఆ కుట్లలో ఒక్కటి తెగి కనిపించినా దాని పని అయిపోయినట్టే. కూర్చున్నప్పుడు ఆ పట్టీ దాదాపు బిగుతుగా, జోలె పడకుండా ఉండాలి. లేచి నిలబడి బాణం వేయడానికి వీలుండాలని చాలామంది దాన్ని వదులుగా కట్టుకుంటారు. ఆ పట్టీ కొసను తగిలించిన ఉచ్చును కొంచెం పైకి జరిపితే నిలబడటానికీ వీలుంటుంది, కూర్చున్నప్పుడూ వేలాడదు.

పడిన తరువాత సంగతి ఎక్కువమంది ఆలోచించరు. హార్నెస్‌లో కదలకుండా వేలాడుతున్న మనిషికి తొడ పట్టీల ఒత్తిడి వల్ల రక్తం కాళ్లలో నిలిచిపోతుంది. కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పే పరిస్థితి రావచ్చు. అందుకే హార్నెస్‌తో పాటు కాలు పెట్టి నిలబడగల ఉపశమన పట్టీ ఒకటి ఇస్తారు. దాన్ని సంచి అడుగున కాకుండా చేతికందే జేబులో ఉంచుకోవాలి. ఫోను కూడా అలాంటి జేబులోనే ఉండాలి. ఏ చెట్టు మీద, ఎన్ని గంటలదాకా ఉంటామో ఇంట్లో ఎవరికో ఒకరికి చెప్పి వెళ్లాలి.

ఇంత ఖర్చు పక్కన పెట్టాక మంచెల సంగతికి రావచ్చు. కొత్తవారికి, బరువైనవారికి, నలభై దాటి మోకాళ్లు మొరాయిస్తున్నవారికి నేను చెప్పేది నిచ్చెన మంచె. నిచ్చెన, కూర్చునే పలక ఒకే వస్తువుగా వస్తాయి. ఎక్కడం ఇంట్లో నిచ్చెన ఎక్కినంత సహజంగా ఉంటుంది, మంచె మీదికి కాలు మార్చే చోట పట్టుకోవడానికి పట్టాలుంటాయి, ఇనుముతో చేసినది కనుక ధరా తక్కువే. దీని లోపమల్లా బరువు, నిలబెట్టడంలోని కష్టం. దీన్ని నిలబెట్టడానికి ముగ్గురు కావాలని తయారీదారులే రాస్తారు. ఆ మాటను అలంకారంగా తీసుకోకూడదు. నిచ్చెన చెట్టుకు ఆనిన తరువాత, పై పట్టీ ఇంకా బిగించకముందు, ఒకరు ఎక్కవలసిన ఆ మొదటి ఎక్కుడే దీనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది. నిచ్చెన నడుమ నుంచి మానుకు తగిలే ఆధారపు కడ్డీని ముందు బిగించి, పక్కలకు అడ్డంగా తాళ్లు కట్టి, కింద ఇద్దరు నిచ్చెనను అదిమి పట్టుకుని ఉండగా, ఎక్కేవారు లైన్‌మన్ బెల్టుతో ఎక్కాలి. నేల మీద నుంచే పై భాగాన్ని మానుకు బిగించగల ఏర్పాటు ఉన్న నమూనాలు కూడా వస్తున్నాయి. ధర కొంత ఎక్కువైనా ఆ తేడా పెట్టదగినదే. ఇద్దరు కూర్చునే నిచ్చెన మంచె మీద 500 పౌండ్లని రాసి ఉంటే అది ఇద్దరికీ, వారి బట్టలకూ, సంచులకూ, ఆయుధాలకూ కలిపి. తలా ఒక్కరికి కాదు.

మానుకు వేలాడగట్టే చిన్న మంచె, అంటే హ్యాంగాన్, చూడ్డానికి అన్నిటికన్నా చవకగా కనిపిస్తుంది. ఆ ధరలో ఎక్కే సాధనం లేదన్నది బిల్లు దగ్గర తెలుస్తుంది. క్లైంబింగ్ స్టిక్స్ అనే మెట్ల కడ్డీలు విడిగా కొనాలి. మంచివైతే వాటి ధర మంచె ధరను మించిపోవచ్చు. ఖర్చు తగ్గుతుందని మానులోకి స్క్రూలా తిప్పి దించే మెట్లు కొనేవారున్నారు. ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల వాటికి అనుమతి లేదు, చెట్టుకు గాయమవుతుంది, జారిన మనిషికి అవి మేకుల్లా తగులుతాయి. హ్యాంగాన్ కొంటే పై మెట్టు కడ్డీని మంచె పలకకన్నా ఎత్తులో కట్టుకోవాలి. అప్పుడు పైకి ఎగబాకనవసరం లేకుండా, పట్టు వదలకుండా, పలక మీదికి పక్కకో కిందికో అడుగు వేయవచ్చు. ఈ ఒక్క మార్పుకు పైసా ఖర్చు కాదు.

క్లైంబర్ అనేది రెండు ముక్కల మంచె. ఒకదాని మీద కూర్చుని, మరొకదాన్ని పాదాలతో పైకి లాక్కుంటూ, గొంగళిపురుగు పాకినట్టు చెట్టెక్కుతారు. నిటారుగా, కొమ్మలు లేకుండా, మరీ లావూ మరీ సన్నమూ కాని మాను దొరికితే దీనికి సాటి లేదు. మోసుకెళ్లవచ్చు, దిగగానే తీసుకుపోవచ్చు. అయితే మాను పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కనుక, కింద సమంగా ఉన్న పలక పైకి వెళ్లేసరికి కిందికి వాలుతుంది. అందుకని నేల దగ్గరే పలక ముందు కొసను కాస్త పైకి ఎత్తి బిగించుకోవాలి. రెండు ముక్కలనూ తాడుతో కలిపి కట్టకుండా ఎక్కితే, పాదాల కింది పలక జారిపోయి మనిషి పై ముక్క మీద చిక్కుకుపోయే ప్రమాదముంది. పెచ్చులుగా ఊడే బెరడున్న షాగ్‌బార్క్ హికరీ చెట్టు మీద క్లైంబర్ వాడకూడదు. దీనికి లైఫ్‌లైన్ ముందే కట్టి ఉండదు కాబట్టి, మానుకు చుట్టిన హార్నెస్ పట్టీని ప్రతి ఎత్తుకూ తలపైకి జరుపుకుంటూ ఎక్కాలి. ఓపిక లేనివారికి ఇది తగదు.

శాడిల్ గురించి ఈమధ్య ఉత్సాహం ఎక్కువగా ఉంది. మంచె లేకుండా గుడ్డ పీటలో చెట్టుకు ఆనుకుని వేలాడే పద్ధతి ఇది. ఎప్పుడూ తాడుకు కట్టుకునే ఉంటాం కనుక భద్రతలో దీనికి మంచి మార్కులే వేయాలి, కానీ తాళ్లు, ముడులు, స్టిక్స్ అన్నీ కలిపితే చవక కాదు, నేర్చుకోవడానికి సమయమూ పడుతుంది. మొదటి ఏడాదికి అక్కరలేదు.

ఏ రకమైనా సరే, పెట్టె మీద తయారీదారుల సంఘం ధ్రువీకరణ ముద్ర ఉందో లేదో చూడాలి. అది ఉందంటే ఆ నమూనాను బరువు మోసే శక్తికి, పదేపదే బరువు పడినా తట్టుకునే శక్తికి, కదలకుండా నిలిచే గుణానికి నిర్ణీత ప్రమాణాల ప్రకారం పరీక్షించారన్నమాట. చాలా మంచెల మీద 300 పౌండ్లని, అంటే సుమారు 136 కిలోలని రాసి ఉంటుంది. మనిషి బరువుకు శీతాకాలపు దుస్తులు, బూట్లు, సంచి, విల్లు లేదా తుపాకి కలిపి చూసుకోవాలి. 250 పౌండ్ల మనిషికి అక్కడ మిగిలే జాగా తక్కువే. ఇనుము, అల్యూమినియం విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మంచెను ఒకచోట కట్టి కాలమంతా వదిలేసేవారు అల్యూమినియానికి డబ్బు పెట్టనవసరం లేదు. వీపు మీద మోసుకుని మైలు నడిచేవారికే ఆ తేలికదనం విలువ తెలుస్తుంది.

వాడిన మంచెను కొనడం తప్పేమీ కాదు, కానీ ఫొటో చూసి కొనకూడదు. పగటి వెలుగులో, నేల మీద పరచి, అతుకు అతుకునూ వేలితో తడుముతూ చూడాలి. వెల్డింగ్ అంచున వెంట్రుక మందాన గీత కనిపిస్తే అది రంగు పగులు కావచ్చు, లోహం పగులు కావచ్చు. ఏదో తేల్చుకునే దాకా డబ్బివ్వకూడదు. పలకను మోసే ఉక్కు తీగలకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ఆ తొడుగు ఎక్కడైనా ఉబ్బి ఉన్నా, లోపలి నుంచి తుప్పు రంగు కారినా, లోపలి పోగులు తెగుతున్నాయని అనుమానించాలి. గొట్టాలను కదిపితే లోపల తుప్పు పొడి రాలిన చప్పుడు వస్తే వదిలేయాలి. పట్టీలు ఎంత కొత్తగా కనిపించినా పారేసి, అదే తయారీదారు ఇచ్చే కొత్తవి కొనాలి. ఆ ఖర్చు కలిపాక కూడా బేరం లాభమనిపిస్తేనే అది బేరం. నమూనా పేరు, సంఖ్య ఉన్న చీటీ చిరిగిపోయి ఉంటే, ఆ మంచెను తయారీదారు ఎప్పుడైనా లోపం వల్ల వెనక్కి పిలిచారో లేదో తెలుసుకునే దారి ఉండదు. అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ అలా వెనక్కి పిలిచిన వస్తువుల వివరాలు బహిరంగంగానే ఉంచుతుంది. అందులో ట్రీస్టాండ్లూ కనిపిస్తాయి. హార్నెస్‌ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడినది కొనకూడదు. పొలం అంచున చెట్టుకు మేకులు కొట్టి చేసిన పాత చెక్క మంచె ఉచితంగా దొరికినా అంతే. చెట్టు పెరిగేకొద్దీ మేకులు సడలుతాయి, చెక్క లోపల కుళ్లినా పైకి తెలియదు.

మంచె ఎంత మంచిదైనా చెట్టు చెడ్డదైతే ప్రయోజనం లేదు. 2002లో మిషిగన్‌లో తొలిసారి గుర్తించిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు అప్పటి నుంచి కోట్లాది యాష్ చెట్లను చంపింది. చచ్చిన యాష్ చాలా త్వరగా పెళుసుబారుతుంది, కొమ్మలు చెప్పకుండా విరిగిపడతాయి. ఆకు రాలిన కాలంలో చచ్చిన చెట్టుకూ బతికిన చెట్టుకూ తేడా తెలియదు కనుక, చెట్టును ఆకులున్నప్పుడే, వేసవిలోనే ఎంచుకుని పెట్టుకోవాలి. తల ఎత్తి పైన ఎండు కొమ్మలు వేలాడుతున్నాయేమో చూడాలి. ఎత్తు విషయంలో పోటీ అక్కరలేదు. మరీ పైనుంచి వేసిన బాణం నిటారుగా దిగి రెండు ఊపిరితిత్తులకూ తగిలే అవకాశం తగ్గుతుంది; వెనుక గుబురు ఉన్న చెట్టు మీద పదిహేను అడుగులే చాలు.

ఆయుధాన్ని చేత్తో పట్టుకుని ఎక్కకూడదన్నది వేరే చెప్పాలా? ఎక్కేటప్పుడు రెండు చేతులు ఒక కాలు, లేదా రెండు కాళ్లు ఒక చేయి ఎప్పుడూ నిచ్చెనను తాకుతూ ఉండాలి. తూటాలు తీసేసిన తుపాకిని, లేదా బాణపు మొనలు మూసి ఉన్న విల్లును, పైకి చేరి హార్నెస్ కట్టుకున్న తరువాతే లాగుడు తాడుతో పైకి తెచ్చుకోవాలి.

కాలం ముగిశాక మంచెను చెట్టు మీదే వదిలేస్తే ఎండకు నైలాన్ పట్టీలు బలం కోల్పోతాయి, ఉడతలు కొరుకుతాయి, చెట్టు లావెక్కి పట్టీలను బిగదీస్తుంది. దింపి ఆరబెట్టి దాచుకోవడం తప్పదు. ప్రభుత్వ భూమిలోనైతే మంచెను ఎన్నాళ్లు ఉంచవచ్చు, దాని మీద యజమాని వివరాలు రాయాలా వద్దా అన్నది రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. ప్రతి ఏడాదీ నియమాల పుస్తకం తిరగేయాలి. పట్టీలను సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమని తయారీదారులు చెబుతారు, వాటి ధరను మొదటి లెక్కలోనే వేసుకోవాలి.

రెండో మంచె అవసరం నిజంగా వచ్చేది గాలి వల్ల. ఒక చెట్టు మీద కూర్చున్నప్పుడు పడమటి గాలి మన వాసనను జింకల దారికి దూరంగా మోసుకుపోతే, తూర్పు గాలి వచ్చిన రోజు అదే చెట్టు పనికిరాదు. ఆ రోజు ఇంట్లో ఉండలేనివారు దారికి అవతలి వైపు మరో చెట్టు చూసుకుంటారు. అలాంటప్పుడు ముందు ఆ చెట్టుకు లైఫ్‌లైన్ కొని కట్టి, ఉన్న హ్యాంగాన్‌నే అటూ ఇటూ మార్చుకుంటూ ఒక కాలం గడిపి చూడమంటాను. మంచెను బిగించే రెండో సెట్టు పట్టీలను అక్కడే వదిలేసే ఏర్పాటు కొన్ని నమూనాలకు దొరుకుతుంది, దాని ధర కొత్త మంచె ధరలో కొద్ది భాగమే. ఆ రెండో చెట్టు మీద నిజంగా ఎన్ని పూటలు కూర్చున్నామో కాలం చివర చూసుకుని, అప్పుడు రెండో మంచె కొనాలా వద్దా తేల్చుకోవచ్చు. ఎలాగూ కాలం ముగిసిన తరువాతే దుకాణాలు మిగిలిన సరుకును తగ్గింపు ధరకు ఇస్తాయి.